షార్ట్ ఫిల్మ్ వర్క్‌షాప్ ప్లానింగ్: అందరికీ ఒకటే సీను ఇద్దామా?

వర్క్‌షాప్ కోఆర్డినేటర్:
అందరికీ నమస్కారం. మన తెలుగు సంఘం వార్షికోత్సవం సాయంత్రం మన సభ్యులు తీసిన షార్ట్ ఫిల్ములు వెయ్యడానికి కమిటీ ఒప్పుకుంది. పేర్లిచ్చినవాళ్లలో చాలామందికి ఇదే మొదటిసారి. అందుకని ఆరు వారాల ముందు ఒక శనివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా వర్క్‌షాప్ పెడదాం.

పోటీ, బహుమతులు ఈసారికి వద్దని నా గట్టి అభిప్రాయం. మొదటి సినిమాకి పెద్ద గండం ఏంటంటే అది పూర్తవకపోవడం. పోయినేడు నేను పన్నెండు నిమిషాల కథ రాసుకుని మొదలుపెట్టాను. నాలుగు లొకేషన్లు, ఏడుగురు నటులు. మూడో ఆదివారానికి ఇద్దరికి తీరిక దొరకలేదు, ఒకరు జుట్టు కత్తిరించుకున్నారు. తీసిందంతా అలాగే ఉండిపోయింది. ఆ బాధ ఇంకొకరికి రాకూడదు.

నా ప్రతిపాదన: ఇద్దరు మనుషులు, ఒక గది, మూడు నిమిషాల లోపు. కథ కూడా మనమే ఇద్దాం. అన్ని టీములకీ ఈ ఎనిమిది మాటలే:

వచ్చావా?
ఊఁ.
తెచ్చావా?
లేదు.
చెప్పాను కదా.
చెప్పావు.
మరి?
నువ్వే చూసుకో.

వీళ్లెవరు, ఏం తేవాలి, ఎందుకు తేలేదు అన్నది టీము ఇష్టం. తండ్రీకూతుళ్లు కావచ్చు, మధ్యలో ఒక మెడికల్ రిపోర్టు ఉండొచ్చు. విడిపోతున్న భార్యాభర్తలు కావచ్చు, తేవాల్సింది ఇంటి తాళంచెవి. ఆ "ఊఁ" దగ్గర ఆగి చూడండి. గుమ్మంలో నిలబడి, తలెత్తకుండా, కాళ్లు డోర్‌మ్యాట్‌కి రుద్దుతూనే ఉన్న మనిషి "ఊఁ" అంటే, తేలేదని మనకి అప్పుడే అర్థమైపోతుంది. ఇక నాలుగో మాట అక్కర్లేదు, కొట్టెయ్యొచ్చు. కనపడేదాన్ని మళ్లీ చెప్పించక్కర్లేదని తెలియడమే సగం దర్శకత్వం. అది చెబితే రాదు, తీస్తేనే తెలుస్తుంది.

సౌండ్ చూసే వాలంటీర్:
బాగుంది అన్నా. నాకో గంట కచ్చితంగా ఇవ్వండి. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే ఫోన్లు తీస్తారు. దూరంగా పెట్టిన ఫోన్ మైక్ గదినంతా పట్టుకుంటుంది, గొంతుని తప్ప. ఉన్నవాళ్లు కాలర్ మైక్ పెట్టుకోవచ్చు, గడ్డానికి జానెడు కింద. లేనివాళ్లు రెండో ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, ఫ్రేములో పడకుండా నటుడి దగ్గర పెట్టాలి. ప్రతి టేకు మొదట్లో కెమెరాకి కనపడేలా ఒకసారి చప్పట్లు కొడితే, ఎడిటింగులో బొమ్మనీ శబ్దాన్నీ అక్కడ కలుపుకోవచ్చు.

ఫ్రిజ్ ఆపాలి. తర్వాత మళ్లీ వెయ్యడం అందరూ మర్చిపోతారు, అందుకే కారు తాళాలు ఫ్రిజ్‌లో పెట్టండి, అవి తియ్యకుండా ఇంటికెళ్లలేరు. షూటింగు అయ్యాక ఎవరూ కదలకుండా అర నిమిషం ఖాళీ గది శబ్దం రికార్డు చెయ్యాలి. కట్‌కీ కట్‌కీ మధ్య పడే గుంటల్ని పూడ్చేది అదే.

సాంస్కృతిక విభాగం అక్క:
తమ్ముడూ, కాదంటున్నానని అనుకోకు. వీళ్లంతా మనసులో ఏదో కథ పెట్టుకుని వచ్చినవాళ్లు. అందరి చేతా ఒకటే సీను తీయిస్తే చిన్నబుచ్చుకోరా? చూసేవాళ్లకీ విసుగొస్తుంది. కనీసం పది నిమిషాలు, ఎవరి కథ వాళ్లది ఉంటే బాగుంటుందనిపిస్తోంది. ఇంకోటి, మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చుగానీ చదవడం రాదు. వాళ్లకి స్క్రిప్టు ఎలా ఇద్దాం?

వర్క్‌షాప్ కోఆర్డినేటర్:
అక్కా, మంచి ప్రశ్న. సొంత కథలు తియ్యాల్సిందే, కాకపోతే రెండో సినిమాగా. 1895 డిసెంబరు 28న పారిస్‌లో, సినిమా తొలినాళ్లలో, లూమియర్ సోదరులు టిక్కెట్టు పెట్టి వేసిన పది సినిమాలూ ఒక్కొక్కటి నిమిషం లోపువే. చిన్నదంటే తక్కువదని కాదు. పైగా అవే మాటలు ఒక చోట బెదిరింపుగా, ఇంకో చోట బుజ్జగింపుగా వినపడటం వరసగా చూస్తే, దర్శకుడు చేసే పనేంటో హాల్లో వాళ్లందరికీ తెలుస్తుంది. పిల్లలకి స్క్రిప్టు కాగితం వద్దు, చెప్పి నేర్పిద్దాం. ఎనిమిది మాటలే కదా.

కెమెరా గురించి నేను చెప్పేవి కొన్నే. ఫోన్ చాలు. లెన్సు తుడవండి, ఫోకస్, ఎక్స్‌పోజర్ (బొమ్మ వెలుతురు) మారకుండా లాక్ చెయ్యండి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఇక్కడ అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి, సెట్టింగులు మనమే మార్చుకునే మాన్యువల్ కెమెరా యాప్ ఉంటే షట్టర్ స్పీడు 1/60 సెకను పెడితే లైట్లు మినుకుమనవు. సెలవులకి ఇండియా వెళ్లి తీసేవాళ్లకి అక్కడ 50 హెర్ట్జ్, 1/50 పెట్టుకోవాలి. కిటికీ మనిషి వెనక కాదు, పక్కన ఉండాలి.

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది 180 డిగ్రీల గీత దగ్గర. మాట్లాడుకునే ఇద్దరి మధ్యా ఒక గీత ఊహించుకుని, కెమెరా ఆ గీతకి ఒకే పక్కన ఉంచాలి. దాటితే ఎదురెదురుగా ఉన్నవాళ్లు ఒకే వైపు చూస్తున్నట్టు కనపడతారు. చెబితే బుర్రకెక్కదు, నేల మీద టేపు అతికించి నడిపించి చూపిస్తాను.

ఎడిటింగ్ చూసే వాలంటీర్:
డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ మనకి సరిపోతుంది. లాప్‌టాప్‌లో ముందే ఎక్కించుకుని రమ్మనండి, ఆ రోజు డౌన్‌లోడ్ పెట్టుకుంటే సగం రోజు పోతుంది.

తెలుగు టైటిళ్లతో జాగ్రత్త. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు విడిపోతాయి. నేను ఒకసారి "కృతజ్ఞతలు" అని టైప్ చేస్తే జ కింద ఞ ఒత్తు రాకుండా పొల్లు పడి, ఞ పక్కన విడిగా నిలబడింది. తెరమీద పడేదాకా ఎవరం చూడలేదు. వేరేచోట టైటిల్ రాసి, బొమ్మగా సేవ్ చేసి పెట్టుకోవడమే మేలు. ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు రెండు వరసలు మించకూడదు, వరసకి 42 అక్షరాల లోపు.

సినిమా పాటలు వెనకాల వెయ్యొద్దని ముందే చెప్పెయ్యాలి. యూట్యూబ్‌లో పెడితే, కాపీరైట్ ఉన్న పాటల్ని గుర్తుపట్టే వాళ్ల కంటెంట్ ఐడీ పట్టేస్తుంది. మనలోనే వేణువు, కీబోర్డు వాయించేవాళ్లున్నారు, అడుగుదాం. హాల్ ప్రొజెక్టర్ మీద ప్రతి ఫైలూ రెండు రోజుల ముందు పూర్తిగా వేసి చూడాలి, ఆఖరి పేర్ల దాకా.

వర్క్‌షాప్ కోఆర్డినేటర్:
పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లు తెరమీద కనపడితే తల్లిదండ్రుల సంతకం కావాలి, ఫారం నేను తయారుచేస్తాను. పార్కుల్లో తియ్యడానికి అనుమతి కావాలేమో కనుక్కోవడానికి ఒకరు ముందుకు రండి. ఇంకా టేపు, ఎక్స్‌టెన్షన్ వైర్లు, నల్ల దుప్పటి రెండు. దుప్పటి కిటికీకీ పనికొస్తుంది, హాల్లో గొంతు మారుమోగకుండా కింద పరచడానికీ పనికొస్తుంది.

సాంస్కృతిక విభాగం అక్క:
రాత్రి ఆ ఎనిమిది మాటలూ మా అమ్మాయితో చదివి చూశాను. తను వినయంగానే మొదలుపెట్టింది. నేను "మరి?" అనేసరికి ఏమీ అనకుండా వెళ్లి లైటు ఆర్పేసి, చీకట్లోంచి "నువ్వే చూసుకో" అంది. నాకు ఒళ్లు జలదరించింది. తమ్ముడూ, ఇదే చేద్దాం. పార్కుల సంగతి నేను కనుక్కుంటాను. మా ఇద్దరినీ ఒక టీముగా రాసుకో.