గ్యాస్ గీజర్ రెండు నిమిషాలకే ఆగిపోతోంది, సెన్సర్ పోయిందా?

మాది నల్లగొండ. 6 లీటర్ల గ్యాస్ గీజర్, బాత్రూం బయట గోడకు ఉంది. నల్లా తిప్పగానే వెలుగుతుంది, మంట నీలంగానే ఉంటుంది. రెండు నిమిషాలకు మంట ఆరిపోతుంది, నీళ్ల ధార మాత్రం తగ్గదు. వెంటనే మళ్లీ తిప్పితే మంట అంటించే స్పార్క్ టకటక శబ్దం కూడా రాదు. పది నిమిషాలు ఆగితే మళ్లీ మామూలే.

సెల్స్ కొత్తవి వేశాను. సిలిండర్, రెగ్యులేటర్ మార్చి చూశాను, నీళ్లొచ్చే దగ్గర జాలీ కడిగాను. 20 నిమిషాలకు దానంతటదే ఆపేసే టైమర్ వల్ల కాదు, అంతసేపు నడవనే నడవదు. మంట తగ్గించి, ధార పెంచితే ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ నడుస్తోంది. మావి బోరు నీళ్లు, బకెట్లకే తెల్లగా ఉప్పు పడుతుంది. మెకానిక్ విప్పి చూడకుండానే కొత్తది కొనమన్నాడు. ఇంట్లో చంటిపిల్ల ఉంది, చలికి టెన్షన్‌గా ఉంది.

లోపలి రాగి గొట్టానికి ఉప్పు పట్టి వేడెక్కుతోందా, లేక వేడి ఎక్కువైతే మంట ఆపే సెన్సరే పాడైందా, ఇది ఎట్లా తేల్చుకోవాలి?