‘అయిపోయింది’, ‘అయినట్టే’, ‘చేసి చూశాం’: ‘డన్’ అనే మాటకు తెలుగు ఏది?

ప్రశ్న

సాఫ్ట్‌వేర్‌ను చిన్న చిన్న విడతలుగా తయారుచేయడానికి మా బృందం పాటించే అజైల్ పద్ధతులను కొత్తగా చేరేవారి కోసం తెలుగులో రాస్తున్నాను. స్ప్రింట్ (నిర్ణీత గడువున్న పని విడత), స్క్రమ్ (అజైల్‌లో ఒక పని విధానం), బ్యాక్‌లాగ్ (చేయవలసిన పనుల జాబితా) వంటి మాటలు అందరి నోళ్లలో నలిగినవే కనుక వాటిని అలాగే ఉంచాను. పని ఎప్పుడు పూర్తయినట్టో చెప్పే షరతుల జాబితా అయిన ‘డెఫినిషన్ ఆఫ్ డన్’ దగ్గర మాత్రం కలం ఆగిపోయింది. ‘పూర్తి నిర్వచనం’ అని రాస్తే సమగ్రమైన నిర్వచనం అన్న అర్థం వస్తోంది. ‘ముగింపు నిర్వచనం’ అంటే ఇంకా దూరం పోతోంది. ‘డన్’కు సరైన తెలుగు ఏది? టెస్టింగ్‌కు ‘పరీక్ష’ సరిపోతుందా?

స్పందన

ముందుగా ‘ముగింపు’ను పక్కన పెట్టండి. ముగియడం కాలానికి చెందిన మాట. స్ప్రింట్ ముగుస్తుంది, సమావేశం ముగుస్తుంది; తలపెట్టిన పని అయినా కాకపోయినా గడువు రాగానే అవి ముగిసి తీరతాయి. ‘పూర్తి’తో వచ్చిన చిక్కు మీరే గమనించారు: మరో నామవాచకం ముందు నిలబడగానే అది విశేషణమైపోతుంది.

నా ఉద్దేశంలో తెలుగు ఈ అర్థాన్ని నామవాచకంలో కాక క్రియలో, అందులోనూ ప్రధాన క్రియ వెనుక వచ్చి చేరే సహాయక క్రియలో దాచుకుంది. ‘చేశాను’ అంటే పని జరిగిందన్న సమాచారం మాత్రమే. ‘చేసేశాను’ అన్నప్పుడు ‘వేయు’ వచ్చి చేరి, నా భారం దిగిపోయింది, ఇక నన్ను అడగవద్దు అన్న ధ్వనిని తెస్తుంది. ‘చేసిపెట్టాను’లో ఆ పని మరొకరి కోసం జరిగింది. ‘చేసి ఉంచాను’ అంటే ఎవరు ఎప్పుడు వచ్చి అడిగినా అందుకోవడానికి వీలుగా ఉంది. ‘అయిపోయింది’లోని ‘పోవు’ వీటన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసినది. ‘పడిపోయింది’, ‘మరిచిపోయాను’ వంటి మాటల్లో లాగే ఇక్కడ కూడా, మన ప్రమేయం లేకుండా దానంతట అది జరిగిందన్న ఛాయ ఉంది. ఆ వాక్యంలో కర్త కనిపించడు. ఎవరు చేశారు, ఎవరు సరిచూశారు అన్న ప్రశ్నకు అందులో చోటే లేదు.

మా బృందంలో ఒకప్పుడు జరిగినది చెబుతాను. ఉదయం 15 నిమిషాల సమావేశంలో ఒకరు ‘పాస్‌వర్డ్ మార్చుకునే పేజీ అయిపోయింది’ అన్నారు. పనుల స్థితిని చూపే బోర్డు మీద ఆ పని కార్డు ‘డన్’ అన్న చివరి గడిలోకి జరిగింది. మధ్యాహ్నం టెస్టింగ్ చూసే సహోద్యోగిని ఆ పేజీ తెరిచి, ఈమెయిల్ చిరునామాను మరో చోటి నుంచి కాపీ చేసి అతికించారు. దానితోపాటు చివర కంటికి కనిపించని ఖాళీ ఒకటి వచ్చి చేరింది. పేజీ ‘ఇటువంటి ఖాతా లేదు’ అని చెప్పింది. ఖాతా ఉంది, చిరునామా కూడా సరైనదే. ఆ ఒక్క ఖాళీని తొలగించే పంక్తి ప్రోగ్రాములో లేదు. రాసినవారు చిరునామాను ప్రతిసారీ స్వయంగా టైపు చేశారు కనుక వారికి ఇది ఎదురుకాలేదు. వారు అబద్ధమాడలేదు. ‘అయిపోయింది’ అన్నప్పుడు వారి ఉద్దేశం ‘రాసేశాను’ అని. మేము విన్నది ‘ఇక వాడుకోవచ్చు’ అని.

ఇంగ్లీషులో పనిచేసే బృందాలు కూడా ఈ ఇబ్బంది పడ్డాయి. ఒక్క ‘డన్’ చాలక ‘డన్ డన్’ అని మాటను రెండుసార్లు పలకడం వారిలో ఉంది. మన క్రియలు ఆ తేడాను ముందే పట్టుకున్నాయి; వాటిని శ్రద్ధగా వాడుకోవడమే మనం చేయవలసిన పని.

‘అయినట్టే’ గురించి కూడా చెప్పాలి. అటువైపు చూస్తే భరోసా, ఇటువైపు చూస్తే ‘ఇంకా కాలేదు’ అన్న ఒప్పుకోలు. ఆ చివరి ఏకారం ఎంత పనిని కప్పిపెడుతుందో చెప్పలేం. బెల్ ల్యాబ్స్‌కు చెందిన టామ్ కార్గిల్ చెప్పినట్టు ప్రచారంలో ఉన్న సూత్రం ఒకటుంది: మొదటి 90 శాతం కోడ్‌కు మొదటి 90 శాతం కాలం పడుతుంది, మిగిలిన 10 శాతం కోడ్‌కు మరో 90 శాతం కాలం పడుతుంది. ‘అయినట్టే’ అన్న మాట పుట్టేది సరిగ్గా ఆ రెండు తొంభైల మధ్యనే.

కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్‌లు రాసిన స్క్రమ్ గైడ్ 2020 కూర్పు ఈ విషయంలో చాలా కచ్చితంగా ఉంది. పెట్టుకున్న షరతులను అందుకోని పనిని విడుదల చేయకూడదు సరికదా, స్ప్రింట్ సమీక్షలో చూపించనైనా కూడదు. అది తిరిగి బ్యాక్‌లాగ్‌లోకి వెళ్లవలసిందే. అంటే అక్కడ ‘అయినట్టే’కు స్థానం లేదు. కనుక మీ శీర్షికను ‘ఏవేవి జరిగితే అయినట్టు లెక్క’ అని పెట్టమని నా సూచన. అందులో క్రియ ఉంది, షరతు ఉంది, లెక్క ఉంది.

అభ్యంతరం

విశ్లేషణ నచ్చింది, సూచనతో మాత్రం ఏకీభవించలేకపోతున్నాను. ‘అయినట్టు లెక్క’లో ‘నిజానికి కాకపోయినా అయిందనుకుందాం’ అన్న సర్దుబాటు వినిపిస్తుంది. ‘ఆయన రాకపోయినా వచ్చినట్టే లెక్క’ అంటాం కదా! మీరు తరిమిన ‘అయినట్టే’ దొడ్డిదారిన మళ్లీ లోపలికి వస్తుంది. దానికంటే ‘పూర్తయిందనడానికి షరతులు’ అన్నది సాదాగా, ఏ ఊగిసలాటకూ తావు లేకుండా ఉంది.

జవాబు

మీ అభ్యంతరం సబబైనది. ‘లెక్క’ మీద నా మమకారం కొద్దీ ఆ ఛాయను గమనించలేదు. ‘పూర్తయిందనడానికి షరతులు’ అన్నదానినే నేనూ బలపరుస్తున్నాను.

ఇక టెస్టింగ్ సంగతి. ‘పరీక్ష’ అనగానే మన మనసుకు వచ్చేది మార్కులు, ఉత్తీర్ణత, భయం. ఆ వాసన వల్లనే కొన్ని బృందాలలో టెస్ట్ చేసేవారు తప్పులు పట్టేవారిగా, కోడ్ రాసేవారు బోనులో నిలబడినవారిగా మారిపోతారు. కానీ మాట పుట్టుక అది కాదు. పరి అంటే చుట్టూ, ఈక్ష అంటే చూడటం. పరి, ఈక్ష కలిస్తే పరీక్ష. నలువైపులా తిరిగి చూడటమే దాని అసలు అర్థం. స్ప్రింట్ చివర చేసే ‘సమీక్ష’లోనూ అదే ఈక్ష ఉంది.

ఆశ్చర్యమేమిటంటే అచ్చ తెలుగు కూడా ఇదే దారిన నడిచింది. ‘చూడు’ అన్న క్రియ మరో క్రియ వెనుక చేరగానే ప్రయత్నించి తెలుసుకోవడం అన్న అర్థం వస్తుంది: తట్టి చూడు, లాగి చూడు, నడిపి చూడు. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్న సామెతలో ఉన్నదీ ఆ ‘చూడు’నే, దిగితే గాని లోతు తెలియదని దాని భావం. టెస్టింగ్‌కు ఇంతకంటే దగ్గరి మాట నాకు కనిపించలేదు. పైగా ఇందులో ఒక వినయం ఉంది: చూసినంత మేరకే చెప్పగలం. టెస్టింగ్ దోషాల ఉనికిని చూపగలదే గాని అవి లేవని చూపలేదని కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1969లో అన్న మాటకు ఈ క్రియ చక్కగా ఒదుగుతుంది.

దీని పక్కనే ‘సరిచూడటం’ ఉంది. లెక్క సరిచూస్తాం, ప్రతిని మూలంతో సరిచూస్తాం. అంటే సరైన జవాబు ముందే మన దగ్గర ఉంటుంది. ప్రతి మార్పు తరువాత వాటంతట అవి నడిచే ఆటోమేటెడ్ టెస్టులు చేసేది ఇదే. టెస్టింగ్ నిపుణుడు మైకేల్ బోల్టన్ 2009లో టెస్టింగ్ వేరు, చెకింగ్ వేరు అని గట్టిగా వాదించారు. ఆ విభజనను చెప్పడానికి మనం కొత్త మాటలు పుట్టించనక్కరలేదు. యంత్రం సరిచూస్తుంది, మనిషి చేసి చూస్తాడు. ఆ కంటికి కనిపించని ఖాళీ సరిచూసే టెస్టులకు దొరకలేదు, ఎందుకంటే దాన్ని ఊహించి ముందే జవాబు రాసిపెట్టినవారు లేరు. అతికించి చూసినవారికి దొరికింది. ఆ సాయంత్రమే దానికి ఒక టెస్ట్ రాశాం. అప్పటి నుంచి దాన్ని యంత్రమే సరిచూస్తోంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ప్రస్తుతానికి ఇలా రాసుకున్నాను: ‘పూర్తయిందనడానికి షరతులు. కోడ్‌ను రాసినవారు కాక మరొకరు చదివారు. టెస్టులన్నీ నడిచి, ఫలితాలను సరిచూశాయి. రాసినవారు కాక మరొకరు వాడి చూశారు. విడుదల చేయడానికి వీలుగా కోడ్ ప్రధాన శాఖలో (అందరి మార్పులూ చేరే మూల ప్రతిలో) కలిపి ఉంచాం.’ ప్రతి వాక్యంలోనూ కర్త కనిపించేలా జాగ్రత్తపడ్డాను. చివరి వాక్యంలో ‘కలిపాం’ అని మొదట రాసి, మీ చర్చ చదివాక ‘కలిపి ఉంచాం’ అని దిద్దాను.