ముట్టుకుంటే తగిలేదే నిజమా? 'డెన్నో కాయిల్'లో అమ్మ మాట గురించి

పాతసీడీ:
కథ మొత్తం బయటపెట్టేస్తున్నాను, చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి.

మొన్న 'డెన్నో కాయిల్' రెండోసారి చూశాను. మిత్సువో ఇసో తీసిన 26 భాగాల అనిమే, 2007లో జపాన్ ఎన్‌హెచ్‌కేలో వచ్చింది. కథ 2026లో జరుగుతుంది. పిల్లలంతా ఒక రకం కళ్ళజోళ్ళు పెట్టుకుంటారు. అవి ఉంటే వీధిలో డిజిటల్ వస్తువులు, పెంపుడు జంతువులు కనిపిస్తాయి. యాసకో అనే అమ్మాయికి డెన్సుకే అనే డిజిటల్ కుక్క ఉంటుంది. చివరి భాగాల్లో అది చచ్చిపోతుంది. ఇంకో పిల్ల ఇసాకో మనసు ఆ డిజిటల్ లోకంలో చిక్కుకుపోయి, స్పృహ తప్పి ఆస్పత్రి పాలవుతుంది. పెద్దవాళ్ళు హడలిపోయి కళ్ళజోళ్ళు లాగేసుకుంటారు. 24వ భాగంలో తల్లి యాసకోని దగ్గరికి తీసుకుని, ఇలా ముట్టుకుంటే వెచ్చగా తగిలేదే నిజం, అందులో కనిపించేది ఉత్తిదే అంటుంది.

నా లెక్కలో అమ్మదే రైటు. 1998 నాటి 'సీరియల్ ఎక్స్‌పెరిమెంట్స్ లెయిన్' కూడా ఇదే తేల్చింది. వైర్డ్ అనే నెట్‌వర్క్‌లో దాదాపు దేవతై కూర్చుని, ఇక ఒంటితో పనేముందనే లెయిన్ చేతిని స్నేహితురాలు అలిస్ తన గుండె మీద పెట్టుకుంటుంది. గుండె దడదడలాడుతుంటుంది. ఆ ఒక్క దెబ్బకి లెయిన్ చెప్పిన తత్వమంతా గాలికి పోతుంది. కాదనేవాళ్ళు రండి.

నైట్‌డ్యూటీ:
నేను కాదంటాను. అమ్మ మాట తర్వాత ఏం జరుగుతుందో ఎందుకు వదిలేశారు? యాసకో ఆలోచనలో పడుతుంది. ముట్టుకోలేనిదంతా అబద్ధమైతే గుండెలో ఈ నొప్పి సంగతేంటి? అదీ చేతికి దొరకదు కదా. ఆ నొప్పినే పట్టుకుని, ఇసాకోని వెనక్కి తేవడానికి మళ్ళీ ఆ లోకంలోకే వెళ్తుంది. అమ్మ మాట వినుంటే ఇసాకో గతేంటి?

తాడూపామూ:
చీకట్లో తాడుని చూసి పామనుకున్నాం. దీపం తెస్తే పాము లేదు. మరి ఒళ్ళంతా పట్టిన చెమట? పాము అబద్ధం, చెమట నిజం.

పాతసీడీ:
శంకరాచార్యులవారు ఇంకా రాలేదేంటా అనుకుంటున్నాను :) సరే, దీపం పెట్టాక కూడా ఆ తాడుకి పాలు పోసేవాణ్ణి ఏమంటారు?

తాడూపామూ:
నాగుల చవితికి పుట్టలో పాము ఉందో లేదో చూసే పోస్తున్నామా?

గోదారిగట్టు:
హహ. ఇందులోకి 'సోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్' ఎవరూ తేకముందే నేనే తెస్తాను. 2012లో వచ్చిన అనిమే. పదివేల మంది ఒక వర్చువల్ ఆటలో ఇరుక్కుంటారు. ఆటలో చస్తే తలకి పెట్టుకున్న నెర్వ్‌గేర్ మెదడుని కాల్చేస్తుంది. వర్చువల్ కూడా నిజమేనని అది చూపించిందని అందరూ మెచ్చుకుంటారు. నాకది దొంగ లెక్క. ఆటకి బరువు రావాలని బయటి చావుని అప్పు తెచ్చుకుంది. డెన్సుకే పోతే ఎవరి మెదడూ కాలదు. అయినా ఏడ్చాం కదా? ఆ పని కష్టం.

నైట్‌డ్యూటీ:
మొదటి కథ వరకూ ఒప్పుకుంటాను. 2014 నాటి రెండో సీజన్‌లో యూకి ఉంది కదా. నయంకాని జబ్బు. క్రిములు సోకకూడదని వేరే గదిలో, మెడిక్యుబాయిడ్ అనే యంత్రంలో మూడేళ్ళుగా ఉంటుంది. స్నేహితులు, పరుగులు, కత్తియుద్ధాలు అన్నీ ఆటలోనే. ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేని ఆ పిల్ల ముందు నిలబడి, ముట్టుకుంటే తగిలేదే నిజమమ్మా అని చెప్పగలరా?

నా సొంత గొడవ కూడా ఒకటుంది. డ్యూటీలో ఖాళీ దొరికినప్పుడు మొబైల్ గేమ్ ఆడేవాణ్ణి. ఒకతను రెండేళ్ళు నా టీంలోనే. అనకాపల్లి దగ్గర ఊరని తెలుసు, అసలు పేరు తెలీదు. ఉన్నట్టుండి రావడం మానేశాడు. ఎవర్నడగాలో కూడా తెలీదు. ఇంట్లో చెబితే, పేరు తెలీనివాడికోసం నీకెందుకురా టెన్షన్ అన్నారు.

పాతసీడీ:
యూకి ముందు నా మాట నిలవదు. ఆ ఒక్కటీ వెనక్కి తీసుకుంటున్నాను. అలాగని అమ్మని మాత్రం విలన్ చెయ్యకండి. కూతురి ఈడు పిల్ల ఆస్పత్రిలో కళ్ళు తెరవట్లేదంటే ఏ తల్లయినా ముందు ఆ కళ్ళజోడే లాక్కుంటుంది. లెయిన్ విషయంలోనూ తగ్గేది లేదు.

అమాయకురాలు:
అయితే 13వ భాగం ఏం చేస్తారు? లెయిన్ అందరి జ్ఞాపకాల్లోంచీ తనని తనే తుడిచేసుకుంటుంది. పెద్దదైన అలిస్ ఎదురుపడితే, ఈ పిల్లని ఎక్కడో చూశానే అన్నట్టు ఆగుతుంది, అంతే. తన గుండె మీద పెట్టుకున్న చెయ్యి ఎవరిదో ఆవిడకి గుర్తే లేదు. తాకడమే సాక్ష్యమంటున్నారు కదా, ఆ సాక్ష్యం ఇప్పుడెవరి దగ్గరుంది? ఎవరికీ తగలని లెయిన్ దగ్గర!

పాతసీడీ:
ఇది నాకు తట్టలేదు. ఆదివారం ఆ రెండు భాగాలూ మళ్ళీ చూసి వచ్చి రాస్తాను.

నైట్‌డ్యూటీ గారూ, ఆ గేమ్‌లో చాట్ ఉంటుందిగా, ఓ మెసేజ్ పెట్టి చూడకపోయారా?

నైట్‌డ్యూటీ:
వారానికొకటి పెడుతూనే ఉన్నానండీ. ఇంకా ఒక్కటీ చదవలేదు.