‘కొంచెం కష్టం’ అంటే వద్దని వారికి ఎందుకు అర్థం కాలేదు?

జమ్మలమడుగు విద్యార్థిని:

అందరికీ నమస్కారం. నేను కడపలో ఒక డిగ్రీ కళాశాలలో టూరిజం చివరి సంవత్సరం చదువుతున్నాను. ఈ సెమిస్టరులో మాకు ఇంటర్‌కల్చరల్ కమ్యూనికేషన్ (వేర్వేరు సంస్కృతులవారి మధ్య సంభాషణ) అనే పేపరు ఉంది. కొన్ని సమాజాల్లో అర్థం మాటలోనే ఉంటుందనీ, కొన్నింటిలో సందర్భాన్నీ ముఖకవళికలనూ బట్టి గ్రహించుకోవాలనీ అమెరికన్ మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ చెప్పిన సిద్ధాంతాన్ని పరీక్షలో రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. అయితే పోయిన నెలలో గండికోటకు క్షేత్ర పర్యటనకు వెళ్ళినప్పుడు ఆ చదువు నాకు అక్కరకు రాలేదు.

ఆ రోజు జర్మనీ నుంచి వచ్చిన ఒక నడివయసు దంపతులకు కోట చూపించే పని నాకు అప్పగించారు. జుమ్మా మసీదు, ధాన్యాగారం, మాధవరాయస్వామి గుడి చూసిన తరువాత పెన్నా లోయ అంచున నిలబడి, ఈ బండల మీదుగా నీటిదాకా దిగవచ్చునా అని ఆయన అడిగారు. ముందురోజు వాన పడినందువల్ల బండలు జారుతున్నాయి. వద్దని ముఖం మీద చెప్పడం మర్యాద కాదనిపించి, నవ్వుతూ ‘కొంచెం కష్టం సార్’ అని ఇంగ్లీషులో అన్నాను. ఆయన నాకు థ్యాంక్స్ చెప్పి, బూట్ల తాళ్ళు బిగించుకుని దిగడం మొదలుపెట్టారు. పది అడుగులు వేయకముందే జారిపడి మోకాలు గీసుకుపోయింది. పైకి వచ్చాక ఆయన కోప్పడలేదు కానీ, ప్రమాదమని ఎందుకు చెప్పలేదని అడిగారు. నేను చెప్పాననే నా మనసు ఇప్పటికీ అంటోంది.

జపానువారు వంగి నమస్కరిస్తారనీ, అరబ్బు దేశాల వారికి ఎడమ చేత్తో వస్తువు ఇవ్వకూడదనీ మా నోట్సులో పెద్ద జాబితా ఉంది. అది కంఠస్థం చేస్తే సరిపోతుందా? మా జిల్లా దాటి పెద్దగా వెళ్ళని నాలాంటివారు ఈ విద్యను ఎక్కడ, ఎలా నేర్చుకోవాలి? ప్రాజెక్టు కూడా ఈ విషయం మీదే చేయాలనుకుంటున్నాను.

అనంతపురం గైడు:

చెల్లెమ్మా, మీరన్న మాట మన సీమలో పుట్టి పెరిగిన ఎవరికైనా వద్దనే అర్థమవుతుంది. అప్పు అడగడానికి వచ్చినవాడితో ‘కొంచెం కష్టమబ్బా’ అంటే, వాడు కాఫీ తాగి, వానల సంగతి రెండు మాటలు మాట్లాడి లేచిపోతాడు. అక్కడ ‘కొంచెం’ అన్నది కష్టాన్ని కొలిచే మాట కాదు, ఎదుటివాడి మనసు నొచ్చుకోకుండా మనం పరిచే మెత్త. ఆ జర్మన్ పెద్దమనిషికి మాత్రం అది అచ్చంగా కొలతే. కష్టం కొంచెమేనని విన్నాడు, కాళ్ళలో సత్తువ ఉంది, దిగాడు.

నేను పద్నాలుగేళ్ళుగా లేపాక్షి, పుట్టపర్తి, బెలూం గుహలు చూపిస్తున్నాను. (జిల్లాలు విడిపోయిన తరువాత లేపాక్షి, పుట్టపర్తి అనంతపురం జిల్లాలో లేవు కానీ, బస్సులు మాత్రం పాత దారిలోనే పోతున్నాయి.) మొదటి సంవత్సరంలో ఒక నోటుపుస్తకం పెట్టుకుని, ఎడమ పేజీలో నేనన్న మాటను, కుడి పేజీలో దాన్ని విని వాళ్ళు చేసిన పనిని రాసుకునేవాణ్ణి. నన్ను ఎక్కువగా ముంచినవి ‘దగ్గరే’, ‘ఇప్పుడే వస్తాడు’, ‘చూద్దాం’, ‘పరవాలేదు’ అన్న నాలుగు మాటలు. అందుకే ఇప్పుడు బెలూంలో టిక్కెట్టు తీయకముందే, గుహ మొత్తం పొడవు 3,229 మీటర్లనీ, మనం చూడగలిగేది సుమారు ఒకటిన్నర కిలోమీటరనీ, లోపల ఉక్కపోస్తుందనీ, మోకాళ్ళ నొప్పులుంటే మెట్లు ఇబ్బంది పెడతాయనీ చెప్పేస్తాను. 1982లో ఈ గుహలను శాస్త్రీయంగా కొలిచినది డేనియల్ గెబావర్ నాయకత్వంలో వచ్చిన జర్మన్ బృందమేనని చెబితే, జర్మన్ అతిథులకు ఉక్కపోత కూడా తగ్గినట్టే ఉంటుంది.

లేపాక్షిలో చిక్కు ఇంకో రకం. గుడి కట్టించిన విరూపణ్ణ తన కళ్ళను తానే పెరికి గోడకేసి కొట్టాడని, ఆ ఎర్రటి మరకలు అవేనని చెప్పగానే ‘ఇది నిజమా?’ అంటారు. మనవాళ్ళు ఆ ప్రశ్న అడగరు, ఎందుకంటే స్థలపురాణాన్ని ఎలా వినాలో చిన్నప్పుడే అలవడి ఉంటుంది. మొదట్లో నాకు ఆ ప్రశ్న అవమానంగా తోచేది. నిజానికి వాళ్ళు నన్ను అనుమానించడం లేదు, నేను చెబుతున్నది ఏ కోవకు చెందినదని మాత్రమే అడుగుతున్నారు. అప్పటి నుంచి ‘గుడి 16వ శతాబ్దంలో విజయనగర కాలంలో కట్టారు, ఇది చరిత్ర, ఇక మా ఊరివాళ్ళు చెప్పుకునే కథ వినండి’ అని రెండింటినీ విడదీసి చెబుతున్నాను. కథ వినేటప్పుడు వాళ్ళ ముఖాలు మరింత విప్పారుతున్నాయి.

కర్నూలు హోటల్ ఉద్యోగి:

మా రిసెప్షన్‌కు విదేశీయులు అరుదు, మంత్రాలయం వెళ్ళే కన్నడ భక్తులే ఎక్కువ. మీ మాట వాళ్ళకు చెప్పి ఉంటే ఏ ఇబ్బందీ ఉండేది కాదు, ఎందుకంటే వాళ్ళు కూడా కాదనడానికి ‘స్వల్ప కష్ట’ అనే అంటారు. నా తగువంతా ‘కారం తక్కువ’ అనే మాటతోనే. మా వంటవాడి దృష్టిలో కారం తక్కువ అంటే ఉగ్గాని పక్కన మిరపకాయ బజ్జీ రెండుకు బదులు ఒకటి పెట్టడం. అందుకే ఇప్పుడు పచ్చిమిరపకాయ వేయమంటారా, అసలు వద్దా అని అడిగి, ఆ జవాబునే చీటీ మీద రాసి వంటగదికి పంపుతున్నాను. ఒంటరిగా వచ్చిన మహిళను పెళ్ళయిందా, పిల్లలెంతమంది అని ఆప్యాయంగా అడగడం కూడా మానుకున్నాము. మనకది పలకరింపే, చాలామందికి అది విచారణలా ఉంటుంది.

నంద్యాల పాఠకుడు:

నా అభిప్రాయంలో ఇది సంస్కృతి సమస్య కాదు, ఇంగ్లీషు సమస్య. ‘ప్రమాదం’ అనే మాటకు ఇంగ్లీషు పదం తట్టక విద్యార్థిని ఇలా చెప్పి ఉంటారు. ముందు భాష బాగా నేర్చుకుంటే మిగిలినవన్నీ సర్దుకుంటాయి.

విశ్రాంత అధ్యాపకుడు, కడప:

నంద్యాల మిత్రులతో నేను ఏకీభవించలేను. ఆ అమ్మాయి వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. పదాలు ఇంగ్లీషువే, వాటిని నడిపిన మర్యాద తెలుగుది. భాష ఇంకా బాగా వచ్చి ఉంటే అదే మాటను మరింత మృదువుగా చెప్పి ఉండేదేమో.

అమ్మా, హాల్ 1976లో వివరించిన ఈ విభజనలో జర్మన్లను మాటనే నమ్ముకునే వైపున ఉంచాడు కనుక మీ అనుభవం దానికి సరిపోయినట్టే కనిపిస్తుంది. అయినా సిద్ధాంతాన్ని మనుషులకు ముద్రలా వేయకండి. డచ్ పరిశోధకుడు హోఫ్‌స్టెడ్ లెక్కలో అధికార దూరం సూచీ (పెద్దా చిన్నా తేడాను ఒక సమాజం ఎంత సహజంగా ఒప్పుకుంటుందో చెప్పే కొలత) భారతదేశానికి 77, జర్మనీకి 35 అని మీరు చదివే ఉంటారు. మీ నోటి వెంట ‘సార్’ ఎందుకు వచ్చిందో, పెద్దాయనకు ‘వద్దు’ అని ఎందుకు రాలేదో దానితో కొంత బోధపడుతుంది. కానీ ఆ అంకెలకు మూలం 1967 నుంచి 1973 వరకు ఐబీఎం అనే ఒకే సంస్థ ఉద్యోగులను అడిగిన ప్రశ్నలు. జమ్మలమడుగులో గొర్రెలు కాసే మనిషిని ఎవరూ అడగలేదు. మీ నోట్సులోని జాబితాకూ ఇదే లోపం ఉంది, పైగా అందులో కడప వారి వరుస లేదు. విదేశీ అతిథి చేతిలో ఉండవలసినది ఆ వరుసే కదా.

ప్రాజెక్టుకు జర్మనీ దాకా పోనక్కరలేదు. ఉగాది నాడు దేవుని కడపకు వెళ్ళండి. బీబీ నాంచారమ్మను తమ ఆడబిడ్డగా, వేంకటేశ్వరుణ్ణి అల్లుడిగా భావించి ముస్లిం కుటుంబాలు కొబ్బరికాయలతో గుడికి వస్తాయి. అదే ఊళ్ళో పెద్ద దర్గాకు హిందువులు వెళతారు. తలపై గుడ్డ కప్పుకోవడం, తీర్థం పట్టడం వంటివి కొత్తగా వచ్చినవారికి ఎవరు, ఏ మాటలతో, ఏ సైగలతో నేర్పుతున్నారో గమనించి రాయండి. గైడు గారి నోటుపుస్తకం పద్ధతి నాకు బాగా నచ్చింది, కుడి పేజీ ఎక్కువగా నిండేలా చూసుకోండి.

జమ్మలమడుగు విద్యార్థిని:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఇంట్లో పరీక్షించి చూశాను. ‘ఆదివారం సినిమాకు డబ్బులిస్తావా’ అని అడిగితే మా అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ‘కొంచెం కష్టం’ అంది, నేను మళ్ళీ అడగలేదు. నోటుపుస్తకంలో అదే మొదటి పేజీ అయింది. గైడు అన్నగారికి ఒక ప్రశ్న: అతిథికి ‘దిగకండి’ అని సూటిగా చెప్పినప్పుడు మీకు ఎబ్బెట్టుగా ఉండదా?

అనంతపురం గైడు:

ఉంటుంది చెల్లెమ్మా, ఇప్పటికీ ఉంటుంది. అందుకని ముందు కారణం చెబుతాను, ‘నిన్న వాన పడింది, బండలు జారుతున్నాయి, దిగకండి’ అని. ఆ వెంటనే లోయ బాగా కనిపించే ఇంకో చోటు చూపిస్తాను.