ఇంటి సర్వర్‌కి రీఫర్బిష్డ్ ఎంటర్‌ప్రైజ్ డిస్కులు కొనొచ్చా?

పెదవాల్తేరు: ఇంట్లో నాలుగు డిస్కుల సర్వర్ పెడుతున్నాను. పిల్లల ఫొటోలు, నాన్నగారి పాత వీడియోలు అన్నీ అందులోకే. విశాఖ డాబాగార్డెన్స్‌లో ఒక షాపతను రీఫర్బిష్డ్ ఎంటర్‌ప్రైజ్ డ్రైవులు (కంపెనీల సర్వర్లలో వాడేసి, సరిచూసి మళ్లీ అమ్మే డిస్కులు) బాగా తక్కువకి ఇస్తానంటున్నాడు. తీసుకోమంటారా?

గాజువాక: నిక్షేపంలా తీసుకోండి. అవి రేయింబవళ్లు తిరగడానికే చేసినవి. కొత్త డిస్కుల్లో కొన్ని మొదటి నెలల్లోనే పోతాయి, ఇవి ఆ గండం దాటొచ్చినవి. మిగిలిన డబ్బుతో ఇంకో డిస్కు కొని బ్యాకప్ పెట్టుకోండి.

ఎంవీపీ కాలనీ: బ్యాకప్ మాట నూటికి నూరుపాళ్లు నిజం అన్నా, రెయిడ్ (ఒక డిస్కు పోయినా డేటా మిగిలేలా డిస్కుల్ని కలిపి వాడే పద్ధతి) ఉంది కదా అని దాన్ని వదిలేయకూడదు. కానీ గండం దాటిందని ఎలా నమ్మడం? 2025 మొదట్లో వాడేసిన సీగేట్ ఎక్సోస్ డ్రైవుల్ని స్మార్ట్ లెక్కలు (ఎన్ని గంటలు తిరిగిందో డిస్కు తనే రాసుకునే చిట్టా) చెరిపేసి కొత్తవిగా అమ్మిన సంగతి బయటపడింది. స్మార్ట్‌లో సున్నా గంటలు, సీగేట్ డిస్కులు లోపల విడిగా రాసుకునే ఫార్మ్ లాగ్‌లో వేల గంటలు! కొత్తవే అని అమ్మినవాటి సంగతే అలా ఉంటే, రీఫర్బిష్డ్ అని చెప్పి ఇచ్చేదాని వయసు ఎవరు చెప్తారు?

అలాగని కొత్తదైతే చాలనీ కాదు. 2020లో వెస్టర్న్ డిజిటల్ రెడ్‌లో 2 నుంచి 6 టీబీ మోడళ్లు కొన్ని ఎస్‌ఎంఆర్ అని తేలింది. ఎస్‌ఎంఆర్‌లో ట్రాకులు ఇంటి పెంకుల్లా ఒకదాని మీదికొకటి ఎక్కి ఉంటాయి, ఒకటి మార్చాలంటే పక్కవీ తిరగరాయాలి. మామూలుగా వాడుతున్నప్పుడు తెలీదు. ఒక డిస్కు పోయి కొత్తదానిమీద రీబిల్డ్ (పోయిన డేటాని మిగతా డిస్కుల సాయంతో తిరిగి రాయడం) మొదలైనప్పుడే ప్రాణం తీస్తుంది. పెట్టె మీద నాస్ (ఇంటి సర్వర్ లాంటి నెట్‌వర్క్ స్టోరేజ్ కోసం) అని ఉందని కొనేయకండి, మోడల్ నంబరుతో డేటాషీట్ తీసి సీఎంఆర్ (ట్రాకులు ఒకదాని మీదికొకటి ఎక్కని రకం) అని ఉంటేనే కొనండి. సీగేట్ ఐరన్‌వుల్ఫ్, వెస్టర్న్ డిజిటల్ రెడ్ ప్లస్ సీఎంఆరే.

ఇంకోటి, మీది సముద్రం పక్క. మన దగ్గర కిటికీ ఊచలే తుప్పు పట్టిపోతాయి. డిస్కులు పోవడంలో వేడికన్నా తేమ పాత్రే పెద్దదని మైక్రోసాఫ్ట్ డేటా సెంటర్ల మీద 2016లో వచ్చిన పరిశోధన చెప్పింది. సర్వర్‌ని బాల్కనీ వైపు గదిలో పెట్టకండి.

గాజువాక: సరే తమ్ముడూ, ఫార్మ్ లాగ్ కళ్లముందే తీసి చూపించే షాపైతే?

ఎంవీపీ కాలనీ: చూపించి, బిల్లు మీద ఏడాది వారంటీ రాసిస్తే బ్యాకప్ కాపీకి తీసుకోండి, అభ్యంతరం లేదు. నాన్నగారి వీడియోల అసలు కాపీ మాత్రం కొత్త సీఎంఆర్ మీదే ఉండాలి. ఆ బ్యాకప్ డిస్కు కూడా అదే ఇంట్లో వద్దు, హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరు మనది.

పెదవాల్తేరు: బ్యాకప్ డిస్కు మధురవాడలో చెల్లి ఇంట్లో పెడతాను. రేపు షాపులో ముందు ఫార్మ్ లాగే అడుగుతాను.