బ్రీడర్ దగ్గర కుక్కపిల్లా, రెస్క్యూ కుక్కా? ఇంట్లో చిన్నపిల్లలు, కర్రతో నడిచే పెద్దావిడ ఉన్నారు

గడపదగ్గర (ప్రశ్న):

ఇంట్లో కుక్కను పెంచడం ఇదే మొదటిసారి. 4 ఏళ్ళ పాప, 9 ఏళ్ళ బాబు, చేతికర్రతో నడిచే అత్తయ్యగారు ఉన్నారు. పగలు ఐదారు గంటలు ఆవిడ ఒక్కరే ఉంటారు. మా ముందు మూడు దారులున్నాయి. బ్రీడర్ దగ్గర లాబ్రడార్ పిల్లలు ఉన్నాయి, వాటికి ఇప్పుడు 6 వారాలు. "చిన్నప్పుడే తీసుకెళ్తే బాగా మాలిమి అవుతుంది, ఈ వారమే రండి, వంశపత్రం కూడా ఇస్తాం" అంటున్నారు. దిక్కులేని కుక్కల్ని కాపాడి దత్తతిచ్చే రెస్క్యూ వాళ్ళది రెండున్నరేళ్ళ మిశ్రమ జాతి ఆడకుక్క ఒకటి ఫోస్టర్ (దత్తత కుదిరేదాకా ఉంచుకునేవాళ్ళు) ఇంట్లో ఉంది. వాళ్ళ దగ్గరే 10 వారాల పిల్లలు మూడు ఉన్నాయి. గతం తెలియని కుక్క వల్ల ఇంట్లో చిన్నపిల్లలకు ప్రమాదమని కొందరు, కొనడమే తప్పని కొందరు అంటున్నారు. తప్పొప్పుల చర్చ వద్దు. దేన్ని ఎలా పరీక్షించి చూసుకోవాలో చెప్పండి చాలు.

వంశవృక్షం:

ముందు ఆ 6 వారాల సంగతి. ఎంత గట్టిగా కొరికితే అవతలివాళ్ళకు నొప్పి పుడుతుందో కుక్కపిల్ల నేర్చుకునేది తోబుట్టువులతో ఆడుతూనే. గట్టిగా కొరికితే అవతలి పిల్ల కీచుమని ఆట మానేస్తుంది. ఆ పాఠం మధ్యలో ఉండగా బయటికి తీసేస్తే మిగిలిన పాఠం మీ పాప చేతుల మీద సాగుతుంది. 8 వారాలు నిండకుండా పంపడానికి తొందరపడుతున్నారంటే అది వాళ్ళ సౌకర్యం కోసమే, పిల్ల మాలిమి కోసం కాదు. ఆ బ్రీడర్‌ను అక్కడితో వదిలేయండి.

ఇంకో బ్రీడర్ దగ్గరికి వెళ్తే మాత్రం వంశపత్రానికి పొంగిపోకండి. తాతముత్తాతలెవరో అది చెప్తుంది, వాళ్ళ కీళ్ళెలా ఉన్నాయో చెప్పదు. లాబ్రడార్ అయితే తల్లిదండ్రులిద్దరి తుంటి, మోచేతి ఎక్స్‌రే రిపోర్టులు అడగాలి. ఓఎఫ్ఏ (ఆ ఎక్స్‌రేలు చూసి కీళ్ళకు గ్రేడు ఇచ్చే అమెరికా సంస్థ) తుది గ్రేడు 24 నెలలు నిండితేనే ఇస్తుంది, అంతకు ముందు ఇచ్చేది తాత్కాలికమే. కాబట్టి ఏడాదిన్నర తల్లికి "హిప్స్ సర్టిఫికెట్ ఉంది" అంటే అనుమానించండి. కళ్ళ పరీక్ష ఏడాదిలోపు చేయించినదై ఉండాలి. డీఎన్ఏలో కనీసం పీఆర్‌సీడీ-పీఆర్ఏ (చూపు పోయే జబ్బు), ఈఐసీ (గట్టిగా పరిగెత్తాక కాళ్ళు పట్టు తప్పే జబ్బు) చూడాలి. తల్లో తండ్రో "క్యారియర్" (తనకు జబ్బు రాకుండా జన్యువును మాత్రం మోసేది) అని ఉంటే కంగారు పడక్కర్లేదు. రెండోది "క్లియర్" (ఆ జన్యువు లేనిది) అయితే ఆ ఈతలో ఏ పిల్లకూ ఆ జబ్బు రాదు. ఇద్దరూ క్యారియర్లయితే ఒక్కో పిల్లకు నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది.

రిపోర్టు మీద, కుక్క చర్మం కింద పెట్టే మైక్రోచిప్ 15 అంకెల నంబరు ఉంటుంది. ఎదురుగా ఉన్న తల్లికి స్కానర్ పెట్టించి సరిచూసుకోండి. ఒక కుక్క రిపోర్టు చూపించి ఇంకో కుక్క పిల్లల్ని అమ్మే పని ఇక్కడే బయటపడుతుంది. "మా వెట్ చూశారు, బాగుందన్నారు" అన్నది పరీక్ష కాదు. తుంటి కీలు లోతు స్టెతస్కోపుకు వినపడదు కదా.

వంశపత్రంలో మొదటి మూడు తరాల్లో తల్లివైపూ తండ్రివైపూ ఒకే పేరు కనిపిస్తే ఎందుకని అడగండి. ఒకే తల్లిదండ్రుల పిల్లల్ని జతచేస్తే ఇన్‌బ్రీడింగ్ (దగ్గరి రక్తసంబంధం) 25 శాతం, తల్లో తండ్రో ఒకరే ఉమ్మడి అయితే 12.5 శాతం.

తల్లిని పిల్లలతో కలిపి చూడాలి. పొదుగు వేలాడుతూ, పిల్లలు పాలకు ఎగబడుతుంటే అది తల్లే. కొత్తవాళ్ళను చూసి మూలకు నక్కే తల్లి అయితే వద్దు, ఆ భయం కొంత రక్తంలో, కొంత చూసి నేర్చుకోవడంలో పిల్లలకు వస్తుంది. తండ్రి అక్కడ లేకపోతే తప్పు పట్టకండి, సరైన జోడీ కోసం బయటి మగకుక్క దగ్గరికి తీసుకెళ్ళడం మామూలే. ప్రతి ఈతకూ ఇంట్లో ఉన్న మగకుక్కనే వాడుతుంటే జోడీ గురించి ఆలోచించట్లేదన్నమాట.

ఒప్పందంలో ఒక్క వాక్యం తప్పకుండా ఉండాలి: ఏ వయసులోనైనా, ఏ కారణానికైనా కుక్కను వెనక్కి తీసుకుంటాం అని. అది రాయనివాళ్ళ దగ్గర కొనకండి.

తడిముక్కు:

పైన చెప్పినవన్నీ సరే, కానీ వీళ్ళ ఇంటికి అసలు పిల్లే వద్దంటాను. అది బ్రీడర్ దగ్గరిదైనా, రెస్క్యూదైనా.

రెండు, మూడు నెలల పిల్ల మెలకువగా ఉంటే రెండు మూడు గంటలకు మించి ఒంటికి ఆపుకోలేదు. పగలంతా ఉండేది అత్తయ్యగారు, ఆవిడ చేతిలో కర్ర. సూదుల్లాంటి పాలపళ్ళు పూర్తిగా ఊడేసరికి ఆరేడు నెలలు. అప్పటిదాకా పరిగెత్తే మీ పిల్లలూ, ఊగే ప్రతి కర్రా దానికి ఆటవస్తువే. ఆ తర్వాత పెద్ద జాతి అయితే పాతిక, ముప్ఫై కిలోల బుద్ధి రాని కుక్క. ఆవిడ పడిపోవడానికి ఒక్క దూకు చాలు.

రెండున్నరేళ్ళ కుక్క సైజు ఇక మారదు, స్వభావం చాలావరకు కుదురుకుని ఉంటుంది. గతం తెలియదన్న భయం గురించి: దాని చిన్నతనం కన్నా, ఒక మామూలు ఇంట్లో ఈమధ్య ఎలా గడిపిందన్నదే మీకు పనికొస్తుంది. ఫోస్టర్‌కు వచ్చి కనీసం మూడు నాలుగు వారాలైందా అడగండి. మొదటి రోజుల్లో బెదిరిన కుక్క మూలన పడుకుంటుంది, దాన్ని చూసి "ఎంత నెమ్మదో" అనుకుంటారు.

"పిల్లలతో మంచిదేనా?" అని అడక్కండి, "ఆఁ, మంచిదే" అంటారు. జరిగినవి అడగండి. తింటుండగా మనిషి పక్కనుంచి నడిస్తే ఏం చేసింది? నోట్లో ఎముక ఉన్నప్పుడు? నిద్రలో ఎవరైనా తగిలితే? తలుపు తడితే? గంటసేపు ఒంటరిగా వదిలిన వీడియో ఉందా? ఫోస్టర్ ఇంటికి పిల్లలొస్తారా, ఏ వయసువాళ్ళు? "ఎముక ఉన్నప్పుడు బిగుసుకుపోతుంది, అందుకే మేం వేరే గదిలో ఇస్తాం" లాంటి జవాబు వచ్చిందంటే వాళ్ళు కుక్కను నిజంగా గమనించారు. "దీనికి కోపమే రాదు" అంటే గమనించలేదు.

రెండుసార్లు, వేర్వేరు రోజుల్లో చూడండి. రెండోసారి పిల్లలనూ అత్తయ్యగారినీ కర్రతో సహా తీసుకెళ్ళండి. పాప కూర్చుని ఉండాలి, కుక్క దగ్గరికి తను వెళ్ళకూడదు. కుక్క ఒళ్ళు వదులుగా, నడుము ఊపుకుంటూ వచ్చి, వెళ్ళి, మళ్ళీ దానంతట అదే వస్తే బావుంది. మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసేయండి. ఇంకా కావాలంటే అదే దగ్గరికి జరుగుతుంది. నోరు మూసుకుని కదలకుండా నిలబడటం, పదేపదే పెదాలు నాక్కోవడం, తల పక్కకు తిప్పి కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం అంటే "నన్ను వదిలేయ్" అని. చాలామంది దీన్నే ఓర్పు అనుకుంటారు.

తింటున్న గిన్నెలో చెయ్యి పెట్టి పరీక్షించడం మాత్రం వద్దు. లేని అలవాటును మనమే నేర్పినట్టవుతుంది.

చుక్కమందు:

ఆ 10 వారాల పిల్లల గురించి ఎవరూ చెప్పలేదు. మీరు వాటిని తీసుకోకపోయినా ఇది చదివేవాళ్ళలో ఎవరో ఒకరు తీసుకుంటారు.

మొదటి ప్రశ్న: ఆ చోటికి చివరిసారి కొత్త పిల్ల ఎప్పుడొచ్చింది? పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే పేగుల వైరస్) సోకాక బయటపడటానికి మామూలుగా వారం, ఒక్కోసారి 14 రోజులు. కాబట్టి ఇవాళ గంతులేస్తున్న పిల్ల వారానికి నెత్తుటి విరేచనాలతో పడిపోవచ్చు. "టీకా వేశాం" అంటే తేదీలు అడగండి. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు టీకాను పనిచేయనివ్వవు, అవి ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతాయో పైకి తెలియదు. అందుకే 6-8 వారాల నుంచి మొదలుపెట్టి రెండు నుంచి నాలుగు వారాలకోసారి, 16 వారాలు దాటేదాకా వేస్తారు. ఒక్క డోసును నమ్మి పార్కుకు తీసుకెళ్ళడంతోనే చాలా పిల్లలు పోతాయి.

ఇంట్లో ఇదివరకు పార్వో కుక్క ఉండి ఉంటే ఆ వైరస్ నెలల తరబడి నేలలో బతికే ఉంటుంది. సబ్బుకూ స్పిరిట్‌కూ చావదు. మురికి పూర్తిగా కడిగేశాక, 30 వంతుల నీళ్ళకు ఒక వంతు బ్లీచ్ కలిపి పది నిమిషాలు తడిగా ఉంచాలి. మురికి మీదే పోస్తే బ్లీచ్ వృథా.

పెద్ద కుక్కకైతే రక్తపరీక్ష: హార్ట్‌వార్మ్ (దోమకాటుతో వచ్చే గుండె పురుగు), పిడుదుల వల్ల వచ్చే ఎర్లీషియా, బబీసియా. హార్ట్‌వార్మ్ సోకిన ఆరు నెలల దాకా పరీక్షలో దొరకదు, కాబట్టి ఇప్పుడు నెగటివ్ వచ్చినా ఆరు నెలలకు మళ్ళీ చేయించండి.

ఇంకోమాట, "ఒకదానికొకటి తోడు" అని రెండు పిల్లల్ని ఒకేసారి అంటగడతారు. ఒప్పుకోకండి. అవి ఒకదాన్నొకటి చూసుకుంటాయి తప్ప మీ మాట వినవు.

గడపదగ్గర:

ఫోస్టర్‌కు ఫోన్ చేశాం. వచ్చి ఏడు వారాలైందట. గిన్నె దగ్గరికి ఇంకో కుక్క వస్తే ఒకసారి గుర్రుమందన్నారు. దీనితో వద్దనుకోవాలా?

తడిముక్కు:

కుక్క మీదా, మనిషి మీదా? అది తేల్చుకోండి. తోటి కుక్కను గుర్రుమని పక్కకు పంపడం మామూలు మాటే. మనిషి దగ్గరికొస్తే గుర్రుమంటే మాత్రం 4 ఏళ్ళ పాప ఉన్న ఇంటికి వద్దు, ఎంత నచ్చినా సరే. గుర్రుమన్నందుకు దాన్ని కొట్టారా అని కూడా అడగండి. దెబ్బలు తిన్న కుక్క హెచ్చరించడం మానేసి నేరుగా కరవచ్చు. మిగతావన్నీ కుదిరితే రెండు మూడు వారాల ట్రయల్ రాతపూర్వకంగా అడగండి, సరిపడకపోతే వెనక్కి తీసుకుంటామని అందులో ఉండాలి. ఏమైనా సరే, తిండి మాత్రం గది తలుపు వేసి పెట్టండి.

వంశవృక్షం:

ట్రయల్ మొదలయ్యేలోపు పాప గదికి, అత్తయ్యగారి గదికి బేబీ గేట్లు బిగించండి. ఫోస్టర్ పెట్టే తిండినే అడిగి తెచ్చుకుని, 7 నుంచి 10 రోజుల్లో మెల్లగా మీదానికి మార్చండి. ఒకేసారి మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి, అది జబ్బో తిండి మార్పో తెలియక తికమకపడతారు. మొదటి వారం చుట్టాలెవరినీ చూడ్డానికి పిలవకండి. బయట లీష్ వదలకండి, తలుపు తెరిచేటప్పుడు కూడా. కొత్త ఇంటి నుంచి పారిపోయే కుక్కలు ఎక్కువగా పోయేది ఈ రోజుల్లోనే.

చిప్ విషయం కూడా చూసుకోండి. చిప్‌లో నంబరే ఉంటుంది, మీ పేరు ఉండదు. ఆ నంబరుకు యజమాని వివరాలుండే రిజిస్ట్రీలో రెస్క్యూ వాళ్ళ ఫోనే ఉండిపోతుంది. సంతకం చేసిన రోజే మార్పించుకోండి.