లిద్దా, 1948 జులై: చరిత్రలో ఏమని రాయాలి?

పాతకాగితం:
1948 జులైలో, తొలి అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంలో, ఇజ్రాయెల్ సైన్యం ‘ఆపరేషన్ డానీ’ పేరుతో లిద్దా, రమ్లే అనే అరబ్బుల పట్టణాలను పట్టుకుంది. జెరూసలేం దారికి అడ్డు తొలగించడం ఉద్దేశం. అధిపతి యిగాల్ అలోన్, ఆపరేషన్స్ చూసింది యిత్జాక్ రబిన్. రెండు ఊళ్ల నుంచి 50 వేల నుంచి 70 వేల దాకా అరబ్బులు వెళ్లిపోయారు. 12వ తేదీన లిద్దాలో జరిగిందాని మీద ఒక వ్యాసం రాస్తున్నాను. నాది ఒకటే పద్ధతి: ఆనాడు రాసిన కాగితం ఉంటే తీసుకుంటాను, ముప్పై ఏళ్ల తర్వాత చెప్పిన మాటలు పక్కన పెడతాను. తప్పంటారా?

గోదారిగట్టు:
‘వెళ్లిపోయారు’ అని ఎంత తేలిగ్గా రాసేశారండీ! మీరడిగిన కాగితమే ఉంది కదా. ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి రబిన్ సంతకంతో ఆదేశం వెళ్లింది: లిద్దా జనాన్ని వయసు చూడకుండా త్వరగా వెళ్లగొట్టాలని. రమ్లే వాళ్లను చాలామందిని బస్సుల్లో పంపారు. లిద్దా వాళ్లు జులై ఎండలో తూర్పుకి నడిచారు. దారిలో ఎంతమంది పోయారో ఎవరూ లెక్క రాసిపెట్టలేదు. కాగితం లేదు కాబట్టి వాళ్లు చావలేదందామా?

పాతకాగితం:
‘వెళ్లగొట్టారు’ అని మారుస్తాను, అది నా పొరపాటే. నా ఇబ్బంది ఊళ్లో జరిగిన చావులతో. పొద్దున జోర్డాన్ సాయుధ కార్లు రెండో మూడో ఊళ్లోకి వచ్చాయి, ఇళ్లలోంచి కాల్పులు మొదలయ్యాయి. లోపలున్న ఇజ్రాయెల్ సైనికులు కొన్ని వందలే. సైన్యం సొంత లెక్కలో అరబ్బుల చావులు దాదాపు 250, తమవాళ్లు నలుగురికి మించలేదు. చరిత్రకారుడు బెన్నీ మోరిస్ ఆ తేడానే ఎత్తి చూపి, ఇది ఊచకోత అంటాడు. అలోన్ కదీష్, అవ్రాహాం సెలా అనే మరో ఇద్దరు చరిత్రకారులు ఊచకోత కాదు, ఊళ్లో జరిగిన గట్టి పోరాటం అంటారు. అందరి ముందూ ఉన్నది ఇంచుమించు అవే కాగితాలు!

నల్లరేగడి:
మరి కాగితం తేల్చిందేమిటి అన్నా? ఆ రోజు లిద్దాలో జనం చనిపోయిన దహ్మష్ మసీదు సంగతీ అంతే. ఇజ్రాయెల్ జర్నలిస్టు ఆరి షవిత్ 2013లో పాత సైనికులతో మాట్లాడి ఊచకోత అని రాశాడు. మరుసటి ఏడాదే చరిత్రకారుడు మార్టిన్ క్రేమర్ ఇంకొందరు సైనికుల మాటలు చూపించి, మసీదులోంచి గ్రెనేడ్లు పడితేనే కొట్టారన్నాడు. నాకైతే ఇద్దరి మీదా ఒకటే ఫిర్యాదు, మసీదులో ఉన్నవాళ్ల తరఫు గొంతు ఎక్కడ? లిద్దాలోనే ఉండిపోయిన స్పీరో మునయ్యర్ తన జ్ఞాపకాలు రాశాడు. దాన్నీ చదవండి.

పాతకాగితం:
జ్ఞాపకం మారుతుంది తమ్ముడూ. మా ఇంట్లో ఒకే పెళ్లి గురించి నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు.

గోదారిగట్టు:
జ్ఞాపకం మారుతుంది సరే, కాగితాన్ని మారుస్తారు కదండీ! 1979లో రబిన్ తన ఆత్మకథలో ఈ ఘట్టం రాశాడు. జనాన్ని ఏం చేద్దామని అలోన్ అడిగితే అప్పటి ప్రధాని బెన్ గురియన్ చేయి ఊపాడు, తరిమేయమనే అర్థంలో. ఇజ్రాయెల్ మంత్రుల కమిటీ ఆ భాగాన్ని కొట్టేయించింది. న్యూయార్క్ టైమ్స్ అచ్చేస్తే లోకానికి తెలిసింది. అలోన్ మాత్రం అలాంటి ఆదేశం లేదన్నాడు. ఇక 2019లో హారెట్జ్ పత్రిక బయటపెట్టింది చూడండి: ఒకసారి అందరికీ తెరిచిన 1948 ఫైళ్లను కూడా రక్షణ శాఖ మనుషులు తిరిగి తీసుకెళ్లి దాచేశారు. బీరువా తాళం ఒక పక్షం చేతిలో ఉన్నప్పుడు ‘కాగితమే ప్రమాణం’ అంటే ఎలా?

నల్లరేగడి:
మనకిది కొత్తా? ఆ 1948 సెప్టెంబర్‌లోనే మా హైదరాబాద్ సంస్థానంలో పోలీస్ యాక్షన్. ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ తిరిగి చూసి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని రాసింది. దశాబ్దాల పాటు ఆ నివేదికను అచ్చు వేయలేదు. అది బయటికి రాకముందు మా నానమ్మ చెప్పిన బావి కథ అబద్ధమయ్యేదా?

పాతకాగితం:
సరే, కొంచెం దిగుతున్నాను. 250 పక్కన ‘సైన్యం లెక్క’ అని రాస్తాను. మసీదు దగ్గర రెండు కథనాలూ పెడతాను, ఎవరు ఎప్పుడు చెప్పారో సహా. ‘ఊచకోత’ మాత్రం శీర్షికలో పెట్టను.

గోదారిగట్టు:
అయితే ‘పోరాటం’ కూడా పెట్టకండి. ఆ మాటా మీది కాదు, వాళ్లదే.

జగిత్యాల_శ్రీను:
అన్నలూ, నేను ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్‌ని. నేను చూసుకునే పెద్దాయనకి 94. ఆ యుద్ధంలో ఉన్నాడట. ఒకసారి లోద్ మీదుగా హాస్పిటల్‌కి పోతుంటే, ఇక్కడ మీరు ఉన్నారా అని అడిగిన. కిటికీ అద్దం పైకి ఎత్తమన్నాడు, ఏసీ తగ్గించమన్నాడు, అంతే. దీన్ని ఏ ఫైల్లో పెడతారో నాకైతే తెల్వదు. ఇంకోటి, మీరంతా లిద్దా అంటున్నారు. ఇక్కడ రోడ్డు బోర్డు మీద హీబ్రూలో లోద్ అని ఉంటుంది. దుబాయ్‌లో ఆరేళ్లు చేసినందుకు అరబిక్ అక్షరాలు చదవగలను. కింద అరబిక్‌లో మాత్రం పాత పేరే, అల్-లిద్.